నాగవ్వ కుట్టిన కవరు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకో కంప్యూటర్ షాపు ఉంది. నా పేరు సీమోను. షాపులో అన్నీ దొరుకుతాయి కానీ, నా నోటి నుంచి "తెలియదు" అనే మాట మాత్రం దొరకదు.

కృపాజ్యోతి మొదటిసారి వచ్చినప్పుడు లాప్‌టాప్‌ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దానికి పూలపూల గుడ్డ కవరు.

"మా అవ్వ కుట్టింది" అంది. "ఎల్లారెడ్డి నుంచి వచ్చిన అన్నా. దీనికి పెద్ద మానిటర్ కలపాలె. ఏం కొనాలె?"

కవరుకు చార్జర్ కోసం ఒకటే బొక్క. అందులో టైప్-సి పోర్టు కనిపించింది. అంతలో ఆమె నవ్వింది. నా పరిశీలన అక్కడితో ముగిసింది.

"టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి అడాప్టర్. పెట్టంగనే బొమ్మ వస్తది" అన్నాను, లాప్‌టాప్‌ను నేనే కనిపెట్టినంత ధీమాగా.

మూడు రోజులకు మళ్లీ వచ్చింది. "నో సిగ్నల్ అంటున్నది అన్నా."

"మీ ఊర్ల కరెంటు తక్కువ వస్తుండొచ్చు."

"కరెంటుకూ దీనికీ ఏం సంబంధం?"

అది నాకూ అంతు పట్టలేదు. ఇంకో అడాప్టర్ చేతిలో పెట్టి, "ఇది పక్కా" అన్నాను.

శనివారం పొద్దున ఫోన్ చేసింది. "ఇది గూడ గంతే. సోమవారం నుంచి రెండు స్క్రీన్ల మీద పని చెయ్యాలె. లేకపోతే హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి కూసోమన్నరు. అవ్వను ఒక్కదాన్ని ఇడిచి ఎట్ల పోవాలె?"

ఆమె హైదరాబాద్ వెళ్లిపోతే ఎల్లారెడ్డి బస్సు వచ్చిన ప్రతిసారీ నేను ఎవరి కోసం తల దువ్వుకోవాలి? షట్టర్ దించి, ఉన్న అడాప్టర్లన్నీ సంచిలో పోసుకుని బస్సెక్కాను.

గుమ్మంలో వాళ్ల అవ్వ నాగవ్వ నా సంచి వంక చూసింది. "గాజులమ్మేటోడివా బిడ్డా?"

"మానిటర్ కోసం వచ్చిండు అవ్వా" అంది కృపాజ్యోతి.

ఒక్కో అడాప్టర్ పెట్టాను, తీశాను. తెర మీద నో సిగ్నల్. నా చొక్కా తడిసిపోయింది.

"నిజం చెప్పు. నీకు దీని గురించి ఎరుకేనా? నన్ను ఊకె తిప్పుతున్నవా?" ఈసారి "అన్నా" అనలేదు. అంత కోపం వచ్చింది.

"ఎరుక లేదు" అన్నాను. ఆ మాట అనడం అదే మొదటిసారి. "అన్ని టైప్-సిలల్ల బొమ్మ రాదట. కొన్ని ఉత్త చార్జింగ్‌కే. ఇందాక బస్సుల ఫోన్ల చదివిన. లాప్‌టాప్ చూడాల్సినోణ్ని నిన్నే చూసుకుంట కూసున్న. నువ్వంటే నాకు ఇష్టం. నీ ముంగట తెలియదని చెప్పబుద్ధి కాలే."

ఆమె తల వంచుకుంది. చాయ్ పోస్తున్న నాగవ్వ చెయ్యి ఆగింది.

"గా బట్ట తీసి చూడరాదు?" అంది నాగవ్వ. "ఆ పక్కన ఇంకో బొక్క ఉండె. చీమలు పోతయని మూసి కుట్టిన."

కవరు తీశాం. హెచ్‌డీఎంఐ పోర్టు నిక్షేపంగా ఉంది. మానిటర్‌తో వచ్చిన మామూలు కేబుల్ పెట్టగానే తెర వెలిగింది. సంచెడు అడాప్టర్లు, సంచెడు తెలివి, రెండూ దండగయ్యాయి.

కృపాజ్యోతి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఇగ హైదరాబాద్ పోయే పని లేదు. కామారెడ్డి వచ్చే పని గూడ లేదు."

నా మొహం మీద నో సిగ్నల్ పడింది.

నాగవ్వ కత్తెర తెచ్చింది. "తే, ఇంకో బొక్క కోస్త."

"ఇప్పుడే కోయకు అవ్వా" అంది కృపాజ్యోతి, నా వైపు చూడకుండా. "కొలత సరిగ్గ ఉండాలె. వచ్చే ఆదివారం ఈయనే వచ్చి కొలత తీస్తడు."

నాగవ్వ మా ఇద్దరినీ చూసి కత్తెర పక్కన పెట్టింది. "చర్చి అయినంక రా బిడ్డా. కోడికూర వండుత."

మామూలు హెచ్‌డీఎంఐ పోర్టు కొలత ఏ లాప్‌టాప్‌కైనా ఒకటే. అది మాత్రం నాకు బాగా తెలుసు. అయినా తెలియనట్టే తల ఊపాను.