శుక్రవారం లావెక్కే తీగ

నూర్ అహమ్మద్ అగ్గిపెట్టెలో ఒక తీగముక్క పెట్టుకొని గుత్తికి వచ్చాడు. 1983 ఆగస్టులో ఒక శనివారం. మబ్బు జాడ లేదు. మేడమెట్లు ఎక్కి, యేసన్న ఎదుట కుర్చీలో కూర్చొని, చెంబెడు నీళ్లు తాగి, అప్పుడు నోరు విప్పాడు.

"ఇట్లాంటి తీగే ప్రతి శుక్రవారం లావెక్కుతాంది సార్."

టైపు మిషను మీద రామాంజినమ్మ వేళ్లు ఆగిపోయాయి. యేసన్న నవ్వలేదు. గుత్తి జంక్షన్‌లో ఇరవై ఏళ్లు తప్పిపోయిన పార్సిళ్లను వెదికి, ఆ తరువాత ప్రైవేటు డిటెక్టివుగా బోర్డు కట్టిన మనిషి ఆయన. ఎంత వింత మాటైనా చివరిదాకా వినేవాడు. ఆయన కేసులన్నీ టైపు చేసి దాచే రామాంజినమ్మకు ఆయనలో అన్నిటికంటే నచ్చిన గుణం అదే.

"మొదటి నుంచి చెప్పండి" అన్నాడు యేసన్న.

నూర్ అహమ్మద్ అనంతపురంలో ఫిజిక్సు లెక్చరరు. బెంగుళూరులోని ఒక పరిశోధనశాల ఆయనకు ఆరు నెలల కోసం లేజరు యంత్రం ఇచ్చింది. ధర్మవరంలో చెన్నప్ప అనే నేతగాడి ఇంట్లో, మగ్గం పక్క గదిలో దాన్ని అమర్చాడు. యంత్రం నుంచి సన్నని ఎర్రని వెలుగు వస్తుంది. దానికి అడ్డంగా పట్టునూలు పెడితే ఎదుటి గోడ మీద ఎర్రచుక్కల వరుస పడుతుంది. నూలు సన్నమైతే చుక్కలు ఎడంగా, లావైతే దగ్గరగా. ఆ ఎడం కొలిస్తే నూలు మందం, వెంట్రుకలో ఇరవయ్యో వంతు తేడా వరకు, పట్టుబడుతుంది.

"కొలత సరిచూసుకోను మందం తెలిసిన తీగ ఒకటి చట్రానికి బిగించినాను. గురువారం మధ్యాహ్నం యంత్రం వేసి, గదికి తాళం పెట్టి, మా అక్క ఇంటికి పోతాను. రాత్రంతా వెలిగితే గాని అది కుదురుకోదు. శుక్రవారం పొద్దున చూస్తే తీగ లావుగా కొలత వస్తాంది. అన్నీ తుడిచి జుమ్మా నమాజుకు పోయి వస్తే మళ్లీ సరిగ్గా ఉంటాది. నాలుగు వారాల నుంచి ఇదే వరస. ఎవరో గురువారం లావుతీగ పెట్టి, నేను నమాజులో ఉన్నప్పుడు అసలుది తిరిగి పెడతాండారు."

"ఎవరి మీద అనుమానం?"

"నూలు వ్యాపారి ఓబుళేసు. యంత్రం నిలబడితే ఆయన నూలు గుట్టు బయటపడతాది. శుక్రవారానికొక మాట చెప్పే యంత్రమని ఊరంతా చెప్పి నవ్వుతాండాడు. సోమవారం బెంగుళూరు నుంచి పెద్దలు వస్తారు. కొలత నమ్మదగింది కాదంటే యంత్రం తీసుకొని పోతారు. నేనంటే ఇంకో పని చూసుకుంటా సార్. చెన్నప్పే..."

చెన్నప్ప తండ్రి ముత్యాలప్ప నలభై ఏళ్లు నేసిన మనిషి. ఆయన ఆఖరి చీరను, చేయి వణికి నేత ఎగుడుదిగుడైందని ఓబుళేసు పదిమందిలో తిప్పి పంపాడు. ఆ మాట మోసుకొనే ఆయన పోయిన ఏడు చనిపోయాడు. ఆ చీరకు ఓబుళేసు ఇచ్చిన నూలులో మిగిలిన కండె ఒకటి చెన్నప్ప దగ్గర ఉంది. తప్పు చేతిదా, నూలుదా అన్నది ఇక ఆ యంత్రమే చెప్పాలి.

"రేపు పొద్దున బండికి వస్తాం" అన్నాడు యేసన్న.

ధర్మవరంలో ఆ గది చిన్నది. దుమ్ము రాకుండా కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టారు. బల్ల మీద యంత్రం వెలుగుతూ ఉంది. ఎదుటి గోడ మీద ఎర్రచుక్కలు కుదురుగా నిలిచి ఉన్నాయి. రామాంజినమ్మ ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది.

"మధ్యలో ఏమీ కనపడదే సార్?"

"గాలి శుభ్రంగా ఉంటే కనపడదమ్మా. పోయి గోడకు తగిలితేనే దాని జాడ" అన్నాడు నూర్ అహమ్మద్.

యేసన్న చట్రాన్ని భూతద్దంతో చూశాడు. "బిగింపు మరమేకుల మీద గీతలు లేవే. వీటిని ఎవరూ విప్పినట్టు లేదు. శుక్రవారం తుడుస్తారన్నారు కదా, దేనితో?"

"స్పిరిట్టుతో. కటకాలు, చట్రం, తీగ, అన్నీ తుడుస్తా."

"ఆ గుడ్డ చూపండి."

తెల్లగుడ్డ మీద లేత గోధుమరంగు మరక ఉంది. యేసన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతలో రామాంజినమ్మ బల్ల కింద నుంచి అంగుళం పొడవు పోగు ఒకటి తీసింది. నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తోంది.

"నెమలికంఠం రంగు పట్టు సార్! ఓబుళేసు అంగట్లో ఈ రంగే ఎక్కువంట" అంది ఉత్సాహంగా.

"పట్టుపోగును పురి విప్పితే విడిపోవాల. దీన్ని విప్పి చూడు" అన్నాడు యేసన్న.

ఆమె ఎంత నలిపినా అది విడిపోలేదు.

ఓబుళేసు పిలవకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా డిటెక్టివూ, తీగ దొంగ దొరికినాడా?"

"గురువారం సాయంత్రం మీరు యాడ ఉండారు?"

"నా అంగట్లో. ఊరంతా చూసింటాది. ఆ గదిలోకి పోవల్లంటే నా పొట్ట పట్టాల గదా? ఆ వాకిలి చూసినావా?" అని పొట్ట తట్టుకున్నాడు. "నూలు లావు సన్నం అంటారు. పురుగు కక్కేది నూలు. పోయి పురుగునడగండి!"

మగ్గం గుంటలో నుంచి చెన్నప్ప తల ఎత్తాడు. "మా నాయననైతే అడగకుండానే అన్నావు గదా అన్నా."

ఓబుళేసు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

గది తాళంచెవి ఇంకొకటి మగ్గం గుంజకు వేలాడుతోంది. దాని గురించి యేసన్న చెన్నప్ప తల్లి ఆంజినమ్మను అడిగాడు. ఆమె చేటలో వేరుసెనగకాయలు ఏరుతోంది.

"మా ఇంట్లో దొంగలు యాడుండారప్పా? యంత్రాన్ని చూసిపోను దినామూ జనం వస్తారు. వచ్చినోళ్ల కండ్లన్నీ దాని మీదే. నాకు గుండె దడ."

"నువ్వు చూసినావా అమ్మా, అది వెలిగేది?"

ఆమె ముఖం విప్పారింది. "చూడక! పడుగులో ఒంటిపోగు లాగినట్టు, ఈ గోడ నుంచి ఆ గోడకు ఎర్రదారం గాల్లో నిలబడి ఉండాది. ఎంత సక్కగుండాదో!"

యేసన్న రామాంజినమ్మ వైపు చూశాడు. ఆమె ఆ మాట రాసుకుంటూ, సగంలో కలం ఆపింది.

"సాయంత్రం నాలుగింటికి అందరూ ఇక్కడే ఉండండి" అన్నాడు యేసన్న. "రామాంజినమ్మా, నువ్వు దర్గా వీధికి పోయి జిలాన్ బాషా అనే ఆయన్ను పిలుచుకొని రా. ఇందాక వీధిలో ఫకీరు గురించి విచారించాను. ఈ వీధికి వచ్చేది ఆయనే."

రామాంజినమ్మ అప్పుడే తనకూ అర్థమైనట్టు నవ్వుకుంటూ పోయింది.

నాలుగింటికి గదిలో ఊపిరి పీల్చను చోటు లేదు. ఓబుళేసు వాకిలిని నింపి నిలబడ్డాడు.

"తీగను ఎవరూ మార్చలేదు" అని మొదలుపెట్టాడు యేసన్న. "మరమేకులు చెక్కుచెదరలేదు. ఉన్న తీగే లావెక్కింది, మళ్లీ సన్నబడింది. సార్ నమాజుకు పోయినప్పుడు ఎవరో దాన్ని బాగు చేసినారనుకున్నారు. బాగు చేసింది సారే. పోయేముందు తుడిచినారు గదా! ఆ గుడ్డకు అంటిన జిగురే తీగ లావు."

"ఏం జిగురు?" అన్నాడు నూర్ అహమ్మద్.

"ఈ వెలుగు పక్క నుంచి కనపడదని మీరే చెప్పినారు. ఈ ఇంట్లో ఒకరు మాత్రం దాన్ని గాల్లో దారంగా చూసినారు. అట్లా కనపడాలంటే గాల్లో ఏదో ఉండాల. జిలాన్ భాయ్, రా."

తలకు ఆకుపచ్చ గుడ్డ చుట్టుకున్న ముసలి ఫకీరు, ఒక చేత సాంబ్రాణి పాత్ర, ఇంకో చేత నెమలీకల కట్ట పట్టుకొని ఓబుళేసు పక్కనుంచి ఎలాగో దూరి వచ్చాడు. పాత్రను తీగ కింద పెట్టి నెమలీకలతో విసిరాడు. తెల్లని పొగ లేచింది.

గది నడుమ, ఈ గోడ నుంచి ఆ గోడకు, తిన్నగా ఎర్రదారం వెలిగింది. చూస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా "ఆ!" అన్నారు. రామాంజినమ్మ చప్పట్లు కొట్టి, వెంటనే సిగ్గుపడి చేతులు దించుకుంది. నెమలీకల నుంచి మెరిసే పోగు ఒకటి రాలి ఆమె పాదాల దగ్గర పడింది.

పొగ విడిపోయాక నూర్ అహమ్మద్ గోడ మీది చుక్కలు కొలిచాడు. దగ్గరికి జరిగాయి. స్పిరిట్టుతో తీగ తుడిచాడు. చుక్కలు మళ్లీ తమ చోటికి పోయాయి.

"ప్రతి గురువారం వీధంతా సాంబ్రాణి వాసనే. అందుకే మీ ముక్కు మీకు ఏమీ చెప్పలేదు" అన్నాడు యేసన్న.

"నేను అడిగినాను సామీ, గాజు సామాన్లకు పొగ పనికొస్తాదా అని. ఆయమ్మ ఇన్లేదు" అన్నాడు జిలాన్ బాషా.

ఆంజినమ్మ చేట కింద పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తాళం తీసింది నేనే సారూ. ఇంతమంది కండ్లు పడితే దిష్టి తగులుతాదని పొగ వేయించినా. మా ఇంటాయన మాట నిలబెట్టే యంత్రం గదా, దానికేమన్నా అయితే..."

నూర్ అహమ్మద్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "మా అమ్మ కూడా నా పరీక్ష పుస్తకాలకు లోబాన్ పొగ వేయించేది అమ్మా. ఒక్కటీ తప్పలేదు" అంటూ నవ్వేశాడు. ఆ నవ్వు గదంతా పాకింది. "సోమవారం రానీ పెద్దలను. తీగ మీద పట్టిన పొగను కూడా కొలిచి చెప్పే యంత్రమని చూపిస్తాను!"

చెన్నప్ప నవ్వలేదు. గూట్లో నుంచి తండ్రి కండె తీసుకొచ్చాడు. అతను నూలు కొస వెలుగుకు అడ్డంగా పట్టి మెల్లగా లాగసాగాడు. గోడ మీద చుక్కలు ఎడమయ్యాయి, దగ్గరయ్యాయి, మళ్లీ ఎడమయ్యాయి. జానెడు నూలులో మూడుసార్లు. నూర్ అహమ్మద్ కొలతలు చదువుతూ పోయాడు. ఒకచోటికి, పక్కచోటికి మందంలో పావువంతు తేడా.

ఓబుళేసు పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టి, వాకిట్లో నుంచి లోపలికి దూరాడు. చాలాసేపు గోడ చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ముత్యాలప్ప చేయి వణకలేదు వదినా. నా నూలే వణికింది. ఈ మాట రేపు ఆ పెద్దల ముందర, పదిమంది ముందర చెప్తా."

చెన్నప్ప నూలును జాగ్రత్తగా కండెకు చుట్టాడు. చివరి చుట్టు దగ్గర అతని ముఖం మీద నవ్వు వచ్చింది, తండ్రి పోయాక ఆ ఇంట్లో ఎవరూ చూడని నవ్వు.

ఆంజినమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని ఫకీరు వైపు తిరిగింది.

"జిలానన్నా, యంత్రానికి వద్దులే. ఈ ఓబుళేసుకు వేయి. ఇన్నాళ్లకు మంచి మాట పలికినాడు, దిష్టి తగులుతాది."

జిలాన్ బాషా నిజంగానే వేశాడు. ఓబుళేసు దగ్గుతూ, నవ్వుతూ, పొట్ట పట్టుకొని నిలబడ్డాడు. ఆ పొగలో ఎర్రదారం మళ్లీ వెలిగింది. తీగకు జిగురు పడుతుందని తెలిసినా, పొగ ఆపమని ఎవరూ అనలేదు.