లాంతరు మలుపులో కిర్రుమన్న బండి

లాంతరు మలుపుకి చెడ్డపేరు ఇవాళ్టిది కాదు. సాంతా మరీయా ఊరు దాటి ఆల్తో రెదోందోకి ఎక్కే ఘాట్ రోడ్డులో అది ఆరో కిలోమీటరు. ఒక పక్క కాఫీ తోట, ఇంకో పక్క లోయ. తారు మీద పసుపు రంగుతో మూడు గుండె బొమ్మలుంటాయి. ప్రమాదంలో మనిషి పోయిన చోటల్లా వేసే బొమ్మలవి. చీకటి పడే వేళకి లోయలోంచి మంచు లేచి ఆ మూడింటినీ కప్పేస్తుంది.

ఆల్తో రెదోందో ఊళ్ళో చెప్పుకునే కథ ఇంకా పాతది. కాఫీ మూటలు మోసే ఎద్దుబండి వాడొకడు ఆ మలుపు దాటుతుంటే, పసిబిడ్డని ఎత్తుకుని నడుస్తున్న తల్లి చెయ్యెత్తిందట. వాడు ఆపలేదు. తెల్లారేసరికి బిడ్డ చలికి పోయింది. ఆ ఏడాదే వాడూ పోయాడు. అప్పట్నుంచీ వాడి బండి అక్కడే తిరుగుతోంది... ఎద్దులుండవు. కాడి ఖాళీగా ముందుకి వంగి ఉంటుంది. లాంతరొకటి ఊగుతుంది. చక్రాలు కిర్రు... కిర్రు... అంటాయి.

నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు నమ్మరు. కానీ ఒక్క విషయంలో ఊరంతా ఒకటే మాట మీద ఉంటుంది. లాంతరు మలుపులో నడిచే మనిషి కనిపిస్తే బండి ఆపాలి. పాలవాడు ఆపుతాడు. చర్చి ఫాదరు ఆపుతాడు. చెత్త లారీ కూడా ఆపుతుంది. లోపల చోటు లేకపోతే వెనక తొట్టిలో నిలబెట్టుకుని తీసుకొస్తారు.

విల్బెర్త్ ఉమాన్యా ఆపలేదు.

అతను కాఫీ మిల్లులో మెకానిక్. నలభై ఏడేళ్ళు. కరెంటు కారు కొని అప్పటికి మూడు వారాలు. ఊళ్ళో అదే మొదటిది. తెల్లది. రాత్రంతా వంటింటి ప్లగ్గుకి తగిలించి చార్జింగు పెట్టేవాడు. ఆ సమయంలో ఎవరైనా వేణ్నీళ్ళ షవరు తిప్పారంటే ఇల్లంతా కరెంటు పోయేది. అతని భార్య మూడు వారాలుగా పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేస్తోంది. ఆ సంగతి అతను బయట చెప్పేవాడు కాదు. బయట చెప్పేవి వేరే ఉన్నాయి. పెడల్ మీంచి కాలు తీస్తే చాలు బండి దానంతటదే నెమ్మదిస్తుందనీ, దిగుడులో చార్జింగు పెరుగుతుందనీ చెప్పేవాడు. అన్నిటికంటే ఎక్కువగా చప్పుడు గురించి.

“పిల్లి నడిచినట్టే. పక్కన నిలబడ్డా తెలీదు.”

నెమ్మదిగా పోయేటప్పుడు పాదచారుల కోసం కారు చేసే సన్నని హెచ్చరిక మోత ఒకటుంది. అది కూడా వినపడకుండా మీట నొక్కి ఆపేశాడు.

కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు దానికి మిక్సీ అని పేరు పెట్టారు. పెట్టింది అతని బావమరిది దనీలో. అతనిది ఇరవై ఏళ్ళ డీజిల్ పికప్పు. స్టార్ట్ చేస్తే మూడిళ్ళ అవతల కుక్కలు మొరుగుతాయి.

“బావా, నీ మిక్సీ సాన్ ఇసిద్రో పోయి రాగలదా?” అన్నాడు ఒకరోజు. “మధ్యలో మృత్యుకొండ ఉంది మరి.”

“ఒక్క చార్జింగుతో పోయి వస్తా.”

“వచ్చేటప్పుడు ఎక్కడాగిపోయావో ఫోన్ చెయ్యి. తాడు బండిలోనే పెట్టుకుంటాను. ఎద్దులు కావాలన్నా చూస్తాను.”

అందరూ నవ్వారు. విల్బెర్త్ కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“శనివారం పోయి, సాయంత్రం ఆరున్నరకల్లా ఈ కొట్టు ముందుంటా,” అన్నాడు.

శనివారం వెళ్ళాడు. వెళ్ళినట్టు రుజువుగా ఉంటుందని సాన్ ఇసిద్రో బజారులో అరటికాయల గెల కొన్నాడు. వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, తలుపుకి ఆనించి నిలబెట్టాడు.

తిరుగు ప్రయాణంలో మృత్యుకొండ ఎక్కుతుండగానే చార్జింగు అంకెలు జారడం మొదలైంది. నలభై... ముప్ఫై మూడు... ఇరవై ఆరు. హీటరు ఆపాడు. రేడియో ఆపాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నా అద్దం మీది ఆవిరి చొక్కా చేతితోనే తుడుచుకున్నాడు. శిఖరం చేరేసరికి పది మిగిలింది. అక్కణ్నుంచి సాంతా మరీయా దాకా దిగుడు గనక రెండు శాతం తిరిగొచ్చింది. పన్నెండు. ఆ తర్వాతంతా ఎక్కుడే.

పది. ఎనిమిది. ఆరు.

లాంతరు మలుపు దగ్గరికొచ్చేసరికి నాలుగు. తెర మీద తాబేలు బొమ్మ వెలిగింది. బండి తన బలం తగ్గించుకుంది. చుట్టూ మంచు. టైర్ల కింద కంకర నలిగే శబ్దం తప్ప మరేమీ లేదు...

అప్పుడు కనిపించింది.

తెల్లటి శాలువా. రోడ్డు వారన కదలకుండా నిలబడి ఉంది. తల కప్పుకుని ఉంది. ముఖం లేదు... మెల్లగా ఒక చెయ్యి పైకి లేచింది.

అతని కాలు పెడల్ మీద నుంచి లేవలేదు. స్టీరింగు మాత్రం పక్కకి తిప్పాడు. శాలువా ఒక్కసారిగా వెనక్కి తూలింది, మంచులో కలిసిపోయింది.

టింగ్.

తెర మీద ఎర్రటి బొమ్మ. వెనక సీట్లో ఒకరు కూర్చున్నారు — బెల్టు పెట్టుకోలేదు.

టింగ్... టింగ్...

అద్దంలోకి చూడలేదు. ఆ గంట మోగుతూనే ఉంది, అతను నడుపుతూనే ఉన్నాడు. మూడు కిలోమీటర్లు. ఎవరో వెనక కూర్చుని ఊపిరి బిగబట్టి ఉన్నట్టే ఉంది.

కొట్టు దీపాల కింద ఆపాక దిగి, వెనక తలుపు తీశాడు. బండి పక్కకి ఒరిగినప్పుడు అరటిగెల సీటు మీద పడింది. అంతే. దాని బరువుకి కారు మనిషనుకుంది.

దనీలో లోపలికి తల పెట్టి అంకె చూశాడు. “రెండు. రెండు శాతంతో వచ్చావు బావా. ఒప్పుకున్నాను.” భుజం తట్టాడు. వేడి బెల్లంనీళ్ళు తెప్పించాడు.

విల్బెర్త్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మలుపు దాటిన దగ్గర్నుంచీ తనకి తాను ఒకటే చెప్పుకుంటున్నాడు, అది దెయ్యమేనని. కానీ లైట్ల వెలుగులో శాలువా కింద రబ్బరు బూట్లు కనిపించాయి. మోకాలి దాకా బురద. దెయ్యాలు రబ్బరు బూట్లు వేసుకోవు.

దనీలో పికప్పు అక్కడే ఉంది. ‘మలుపులో ఎవరో నడిచొస్తున్నారు, చూసి రా’ అంటే చాలు, క్షణంలో బయల్దేరేవాడు. ఆ వెంటనే ‘మరి నువ్వెందుకు ఎక్కించుకోలేదు?’ అనేవాడు.

విల్బెర్త్ బెల్లంనీళ్ళు తాగాడు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో కుర్చీలో దోన్యా మెల్బా. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, గౌరవంగా దోన్యా అంటారు. ఊళ్ళో ఎవరు పోయినా తొమ్మిది రోజుల ప్రార్థన చెప్పించేది ఆవిడే. జనవరిలో ఇంటింటా బాలయేసు ప్రార్థనలు చెప్పించేదీ ఆవిడే. విల్బెర్త్ తండ్రి పోయినప్పుడూ ఆవిడే చెప్పించింది. కుడి చేతి మణికట్టుకి గుడ్డ కట్టి ఉంది. జపమాల ఎడమ చేతిలోకి మారింది.

“సాంతా మరీయాలో ప్రార్థన అయ్యేసరికి ఆఖరి బస్సు పోయింది,” అంటోంది. “నడిచొస్తున్నాను. మలుపులో... వెనక నుంచి.”

అందరూ ఇంకాస్త దగ్గరికి జరిగారు.

“ముందు చప్పుడు. కిర్రు... కిర్రు... అని. తిరిగి చూస్తే లాంతరు ఊగుతోంది. ఎద్దుల్లేవు. కాడి ఖాళీగా ఉంది. భయపడి కాలవలో పడ్డాను. అది నా పక్కనుంచే పోయింది.”

“దోన్యా మెల్బా, అది కారేమో,” అన్నారెవరో.

“కారైతే ఆపేవాళ్ళు కాదూ? మన ఊరివాళ్ళెవరైనా అక్కడ మనిషిని వదిలేసి పోతారా?”

దనీలో శిలువ గుర్తు వేసుకున్నాడు. చాలామంది వేసుకున్నారు. దోన్యా మెల్బా చెప్పింది గనక అది జరిగినట్టే.

విల్బెర్త్ చెయ్యి కూడా నుదుటి దాకా వెళ్ళి ఆగింది. కిర్రు చప్పుడు... అతని కారు కిర్రుమనదు. దానికి లాంతరు లేదు. గుండెలో ఏదో తేలికైంది. అయితే ఆవిడ చూసింది నిజంగా వేరే బండి. మరి అతను చూసింది? అదీ వేరే ఎవరో అయి ఉండాలి. అయి తీరాలి.

“ఆసుపత్రిలో ఆ కట్టు సరిగా కట్టించుకోవాలి మీరు,” అన్నాడు దనీలో. “మా బావ తీసుకెళ్తాడు. కొత్త బండి, కుదుపే ఉండదు.”

సాంతా మరీయా ఆసుపత్రిలో ఎముక చిట్లిందన్నారు. పట్టీ వేశారు. తిరిగి బయల్దేరేసరికి చీకటి పడింది. ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. మలుపుకి కొంచెం దూరంలో బెల్టు పట్టీ వేసిన చేతికి ఒత్తుకుంటోందని తీసేసింది.

టింగ్... టింగ్...

“ఏమిటి నాయనా ఆ గంట?”

“ఏం లేదమ్మా. సీట్లో ఎవరైనా ఉండి బెల్టు పెట్టుకోకపోతే మోగుతుంది. నిన్న కూడా ఇలాగే మోగింది. అరటిగెల సీటు మీద పడి.”

బయట మంచు అద్దాలకి ఆనుకుని పోతోంది.

“అయితే గెలకి చోటుందన్నమాట,” అంది.

విల్బెర్త్ బండి ఆపాడు. పసుపు గుండెల మీదే ఆపాడు. గంట మోగుతూనే ఉంది. వెనక్కి తిరగడానికి అతనికి చాలాసేపు పట్టింది.

“మీరు చూశారా నన్ను?”

“ఆ తెర వెలుగులో నీ ముఖం నీలంగా ఉంది. మీ నాన్న ముఖంలాగే. శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు చూశాను కదా.”

“మరి... కిర్రుమందని చెప్పారు.”

“చప్పుడు చెయ్యదని నువ్వే ఊరంతా చెప్పుకున్నావు నాయనా. చప్పుడు లేకుండా వచ్చిందని నేనంటే చిన్నపిల్లలు కూడా నీ పేరే చెప్తారు.”

అతను ఏదో అనబోయాడు. ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తి ఆపింది. జపమాల పూసలు ఒకదానికొకటి తగిలి మళ్ళీ కుదుటపడ్డాయి.

“అరవై ఏళ్ళుగా ఈ ఊరివాళ్ళకి ప్రార్థనలు చెప్పిస్తున్నాను. అబద్ధం చెప్పడం ఇదే మొదలు,” అంది. “అలవాటు లేదు. కిర్రు అన్నప్పుడు... నమ్మారంటావా?”