పంపుహౌస్ మలుపు కాడ ఆగిన కారు

చీకటి పడ్డాక పంపుహౌస్ మలుపు మీదుగా రమ్మంటే తార్నాకలో ఏ రిక్షావాడైనా మొహం తిప్పుకునేవాడు. ఎంత బతిమాలినా సరే.

అరవై ఏడో, అరవై ఎనిమిదో... ఆ రోజులు. యూనివర్సిటీ లోపల ఆర్ట్స్ కాలేజీ దాటి తార్నాక వైపు వస్తుంటే, ఒకచోట రోడ్డు రాళ్లగుట్టను చుట్టుకుని పైకి ఎక్కేది. ఆ చడావులోనే మలుపు. మలుపులో పాడుబడ్డ పంపుహౌస్. క్యాంపస్ కడుతున్నప్పుడు నీళ్ల కోసం కట్టారట. కప్పు సగం కూలిపోయింది. తలుపు మాత్రం మిగిలింది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండేది — లోపలి నుంచి.

రాళ్లు కొట్టేవాళ్ల ఇంటామె, సారలమ్మని, నొప్పులు పడుతుంటే ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోతున్నారు. ఆ మలుపులో ఇరుసు విరిగింది. అక్కడే ప్రాణం పోయింది. కడుపులో బిడ్డతో సహా... అప్పటి నుంచి మోటార్లు అక్కడ ఆగిపోతాయని, ఆగిన మోటారు దగ్గరికి తెల్లచీర కట్టుకున్న మనిషి నడిచి వస్తుందని చెప్పుకునేవారు. చూసినవాళ్లున్నారు. చూసి జ్వరాన పడ్డవాళ్లూ ఉన్నారు.

ఈ సంగతి నాకు చెప్పినవాడు సీతాఫల్‌మండి బిక్షపతి. తార్నాకలో చిన్న నర్సింగ్ హోమ్ నడిపే డాక్టర్ కాత్యాయని దగ్గర కాంపౌండరుగా చేసేవాడు. తన కళ్లారా చూసిందే చెప్పాడు. అతను చెప్పినట్టే చెబుతున్నా.

కాత్యాయనిది కాకినాడ. పెళ్లి చేసుకోలేదు. తండ్రి కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి పోయాడు. పోతూ పాత ఇంగ్లీషు కారొకటి ఆమెకి వదిలిపోయాడు. చిన్నప్పుడు ఆయన బానెట్ ఎత్తి పని చేసుకుంటుంటే ఈవిడ పక్కనే నిలబడి బోల్టులు విప్పే పానాలు అందించేదట. ఆ కారునే ఆమె నడుపుకుంటూ, అవసరమైతే కాన్పు మనిషిని అందులోనే ఎక్కించుకుని వచ్చేది. ఆడమనిషి కారు నడపడం ఆ చుట్టుపక్కల జనానికి వింత. కానీ కాన్పు కష్టమైతే ముందు గుర్తొచ్చేది ఆ కారే.

ఒక సాయంత్రం... క్యాంపస్ వెనక బస్తీలో ఒకామెని చూసి ఇద్దరూ తిరిగొస్తున్నారు. మసక చీకటి. కారు గుట్ట దగ్గర చడావు ఎక్కడం మొదలుపెట్టిందో లేదో — ఒక కుదుపు. వెంటనే ఇంకోటి. ఇంజను ఊపిరందనట్టు కొట్టుకుంది. ముందు లైట్లు పసుప్పచ్చగా మారాయి. ఆ తర్వాత ఎర్రబడ్డాయి. మలుపుకి స్టీరింగ్ తిప్పేసరికి హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

"అమ్మా... హారన్ కొట్టకుర్రి," అన్నాడు బిక్షపతి, గొంతు తగ్గించి.

"నేను కొట్టట్లేదు."

చూశాడు. ఆమె రెండు చేతులూ చక్రం అంచు మీదే ఉన్నాయి.

ఇంజను ఆగింది. స్టీరింగ్ నిటారుగా తిప్పగానే హారన్ కూడా ఆగింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఉందే... అది హారన్ కంటే భయంకరం అంటాడు బిక్షపతి. పంపుహౌస్ తలుపు సందులో ఏదో కదిలినట్టనిపించి కళ్లు మూసుకున్నాడట. కాత్యాయని బ్రేకు వదిలి కారుని వెనక్కి, చదును దాకా జారనిచ్చింది. అక్కడ సెల్ఫ్ కొడితే టక్కున అందుకుంది. ఈసారి ఊపుమీద ఆగకుండా చడావు ఎక్కించేసింది.

వారం తిరక్కముందే మళ్లీ అదే చోట, అదే తీరు.

చౌరస్తా దగ్గర సామేలని మంచి మెకానిక్. ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు గీకాడు. కాయిల్ కొత్తది వేశాడు. తార్నాక మెయిన్ రోడ్డు మీద తిప్పి చూస్తే ఇంజను ఒక్క మిస్ కొట్టలేదు.

"బండిల ఏం లేదమ్మా," అన్నాడు.

"రోడ్డు మీద కాదు సామేలూ, ఆ చడావు ఎక్కించి చూడు."

సామేలు చెయ్యి మెడలో శిలువ మీదికి పోయింది. "గాడికైతే నేను రాను. పగలు గూడ రాను."

కాత్యాయని ఆ చడావు ఎక్కేది సాయంత్రం బస్తీ నుంచి వచ్చేటప్పుడే. పగటి పనులన్నీ విద్యానగర్ వైపు. దాంతో జనానికి మాట దొరికింది — పగలు నడిచే కారు పొద్దుగూకితే పంపుహౌస్ కాడ ఆగుతుందట! డాక్టరమ్మ కారెక్కితే పక్క సీట్లో సారలమ్మ వచ్చి కూచుంటుందట! బస్తీలో ఒక పిల్ల నొప్పులు మొదలయ్యాక కూడా కారెక్కనని మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. ఇంట్లోనే కన్నది. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాత కాత్యాయని సరిగ్గా తిండి తినలేదంటాడు బిక్షపతి. ఊరికే కారు దగ్గరికి పోయి నిలబడేది. బానెట్ ఎత్తేది. చూసేది. దించేది.

ఆషాఢం వచ్చింది. ముసురు పట్టిన ఒక సాయంత్రం బస్తీ నుంచి కబురొచ్చింది. లింగమ్మని పదహారు, పదిహేడేళ్ల పిల్ల. తొలి కాన్పు. మొగుడు లారీ మీద నాగ్‌పూర్ పోయాడు. ఇంట్లో అత్త ఒక్కతే. కాత్యాయని చెయ్యి పెట్టి చూసి, ఇవతలికి వచ్చి చెప్పింది — బిడ్డ అడ్డం తిరిగింది. కోసి తియ్యాలి. సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

"గా కార్లనా?" అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. "చావనన్న చస్తది గని, గా కారు ఎక్కనియ్య."

లోపలి నుంచి లింగమ్మ గొంతు వినబడింది. "అత్తా... నన్ను తీస్కపోనియ్యే. నీ కాల్మొక్కుత."

అత్త ఏడుస్తూనే పక్కకి జరిగింది.

విద్యానగర్ దారిలో నాలా పొంగిందన్నారు. ఇక మిగిలింది పంపుహౌస్ మలుపే.

వెనక సీట్లో లింగమ్మ, తల దగ్గర అత్త. ముందు బిక్షపతి. వాన సన్నగా కురుస్తోంది. గుట్ట కనబడింది. చడావు మొదలైంది...

కుదుపు.

లైట్లు ఎర్రబడ్డాయి. హారన్ మోగింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక సీట్లో అత్త గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

"వెనక్కి జారనియ్యుర్రి అమ్మా!"

"వెనక చూడు."

చూశాడు. దిగువన రోడ్డంతా నీళ్లు. గుట్ట మీది వాననీళ్లు దిగి, ఇప్పుడే దాటి వచ్చిన చదును మునిగిపోయింది. కారు అందులోకి జారితే మళ్లీ లేవదు.

కాత్యాయని సెల్ఫ్ నొక్కింది. మూలుగు తప్ప ఏమీ రాలేదు. చోక్ లాగుదామని పిడి పట్టుకుని — చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపు ఆ వేళ్లనే చూసుకుంటూ ఉండిపోయింది.

"బిక్షపతీ. ఆ చోక్ పట్టుకో."

పట్టుకున్నాడు. "వామ్మో! కాలుతున్నదమ్మా!"

"చలివానలో చోక్ ఎందుకు కాలుతుంది?" ఆమె తనలో తను మాట్లాడుకుంటున్నట్టు గబగబా అంది. "ఇంజనుకి పోయిన కరెంటు మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. వచ్చే దారి తెగింది. దారి లేక ఈ సన్నటి చోక్ తీగ పట్టుకుని వస్తోంది. ఎర్త్... ఎర్త్ పోయింది, బిక్షపతీ! దిగు, చక్రాల వెనక రాళ్లు పెట్టు."

బానెట్ ఎత్తింది. చంకలో టార్చి ఇరికించుకుని రెండు చేతులతో ఇంజను వెనక వెతుకుతోంది. టార్చి జారింది. రాయి మీద పడి పగిలింది.

చీకటి. వాన చప్పుడు. కారులో లింగమ్మ మూలుగు.

అప్పుడు... పంపుహౌస్ లోపల గడియ తీసిన చప్పుడు.

తలుపు తెరుచుకుంది. ముందు వెలుగు. దాని వెనక తెల్లచీర.

బిక్షపతి చేతిలో రాయి చేతిలోనే ఉంది. కళ్లు మాత్రం ఆ మనిషి కాళ్ల మీదికి పోయాయి. పాదాలు వెనక్కి లేవు. ముందుకే ఉన్నాయి. బురదలో ఒక్కో అడుగూ పడుతోంది. దగ్గరికి వచ్చింది. కందిలి పైకెత్తింది. ముడతల మొహం. తెల్లజుట్టు.

"లోపల... నొప్పులు పడుతున్నదా?"

గుసగుసలాంటి గొంతు. మాట్లాడి ఎన్నాళ్లో అయినట్టు బొంగురుగా ఉంది.

కాత్యాయని బానెట్ అంచు గట్టిగా పట్టుకుంది. "అవును," అంది. "బిడ్డ అడ్డం తిరిగింది."

కందిలి ఊగింది.

కారు కిటికీలోంచి అత్త కేక పెట్టింది. "బుచ్చవ్వ! అమ్మో, గది బుచ్చవ్వ! దాన్ని రానియ్యకుర్రి! సారలమ్మను మింగిన మంత్రసాని అది!"

ముసలామె ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

కాత్యాయనికి అప్పుడు ఊపిరి తిరిగింది. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషి. అంతే చాలు. "బిక్షపతీ, ఆ దీపం నువ్వు పట్టుకో. అమ్మా, నువ్వు కారెక్కు. నేను చెప్పేదాకా ఆ పిల్లని ముక్కనివ్వకు."

"నేనా?"

"నువ్వే. తొందరగా!"

కందిలి వెలుగులో దొరికింది. ఇంజనుకీ కారు బాడీకీ మధ్య రాగితీగలు అల్లిన పట్టీ ఒకటి. ఒక కొస చిలుము పట్టి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. కారు చడావులో వెనక్కి వాలినప్పుడల్లా ఇంజను తన రబ్బర్ల మీద వెనక్కి జరుగుతోంది. పట్టీ విడిపోతోంది. ప్లగ్గులకి నిప్పు రాదు. డైనమో కరెంటు కూడా అందక, లైట్లు ముసలి బ్యాటరీ మీద మిణుకుమంటాయి. చదునుకి వస్తే మళ్లీ ఆనుకుంటుంది... ఏమీ జరగనట్టు!

"మరి హారన్ అమ్మా?"

"దాని వైరు స్టీరింగ్ కింద ఒరుసుకుని ఉంటుంది. తిప్పితే తగులుతుంది. రేపు చూద్దాం."

సంచిలోంచి ఆపరేషన్ కత్తి తీసి తుప్పు గీకింది, ఇనుము తెల్లగా మెరిసేదాకా. రాగి కొసని అక్కడ ఆనించి, రక్తనాళాలు బిగించే పెద్ద పట్టకారుతో కరిపించి నొక్కింది. వెనకనుంచి ముసలామె గొంతు సన్నగా వినబడుతూనే ఉంది. "ముక్కకు బిడ్డా... ఊదు... నోటితోని ఊదు... నేనున్న."

"ఇక సెల్ఫ్ వద్దు. హ్యాండిల్ కొట్టు!"

బిక్షపతి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి చెయ్యి జారింది. మూడోసారి... ఇంజను అందుకుంది. లైట్లు తెల్లగా విచ్చుకుని పంపుహౌస్ గోడంతా కనబడింది.

బుచ్చవ్వ కారు దిగబోయింది. "నేనుంటే వీళ్లు దిగుతరమ్మా."

దిగలేకపోయింది. లింగమ్మ ఆమె మణికట్టు వదల్లేదు. అత్త ఆ పట్టు వైపు చూసింది. ఆ పిల్ల మొహం వైపు చూసింది. తలుపు వైపు ఒదిగి కూచుని చోటిచ్చింది.

తెల్లారేసరికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

ఆసుపత్రి వరండాలో కూచుని బుచ్చవ్వ చెప్పుకుందట. ఇరుసు విరిగిన నాడు సారలమ్మ పక్కనున్న మంత్రసాని ఆమే. రోడ్డు మధ్యన చేతులెత్తి నిలబడితే ఒక్క మోటారు ఆగలేదు. ఒళ్లోనే పోయింది ఆ పిల్ల. బస్తీ మాత్రం చేతబడి అంది, రెండు ప్రాణాలు మింగిందంది, రాళ్లెత్తింది. ఇంకెక్కడికీ పోబుద్ధి కాక పంపుహౌస్‌లో తల దాచుకుంది. చీకటి పడ్డాకే బయటికి వచ్చేది. ఏ మోటారైనా అక్కడ ఆగితే కందిలి పట్టుకుని దగ్గరికి పోయేది — లోపల ఎవరన్నా నొప్పులతో ఉన్నారేమో అని. ఆమెని చూసి జనం పరుగెత్తేవారు.

సామేలు కొత్త పట్టీ బిగించాడు, హారన్ వైరు సరిచేశాడు. కాత్యాయని అతన్ని పక్కన కూచోబెట్టుకుని దీపాలవేళ ఆ చడావు ఎక్కించింది. కారు ఎక్కడా తడబడలేదు. సామేలు దారి పొడుగునా మెడలో శిలువ పట్టుకునే కూచున్నాడు.

బుచ్చవ్వ నర్సింగ్ హోమ్‌లోనే ఉండిపోయింది. పసిపిల్లలకి స్నానం చేయించాలంటే ఆమే. లింగమ్మ నెలకోసారైనా కూతుర్ని ఎత్తుకొచ్చి చూపించి పోయేది. బస్తీ ఆడవాళ్లు మళ్లీ కారెక్కారు.

బిక్షపతికి మాత్రం ఒక సంగతి మనసులో తొలుస్తూనే ఉంది. దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం బుచ్చవ్వ పెరట్లో బాలింతల గుడ్డలు ఆరేస్తుంటే అడిగేశాడు.

"అవ్వా... గన్నేండ్లు గా పాడుకొంపల ఒక్కదానివి ఎట్లున్నవే? భయం కాలేదా?"

బుచ్చవ్వ తడిగుడ్డ దులిపి తీగ మీద వేసింది. ఇదేం ప్రశ్న అన్నట్టు అతని మొహంలోకి చూసింది.

"ఒక్కదాన్ని ఏడున్ననయ్యా," అంది మెల్లగా. "సారలమ్మ, నేను... ఇద్దరం ఉంటిమి గద."