నరిమలై నకలు

శవం నరిమలై కొండ మీద, రాతి పడకల గుహకు ఇరవై అడుగుల కింద పడి ఉంది.

ఉదయం 9.40. ఇన్‌స్పెక్టర్ పూంగోదై వంగి చూసింది. రిటైర్డ్ శాసన పరిశోధకుడు నల్లతంబి. తల పగిలింది. చనిపోయి రెండు గంటలు దాటింది. పక్కనే సంచి, అందులో చుట్టిన కాగితం. గుహ చూరు మీది పాత తమిళ శాసనానికి సిరా అద్ది తీసిన నకలు.

పదకొండున్నరకు మదురైలో, కలెక్టరాఫీసులో క్వారీ మీద విచారణ. ఆ నకలు చూపిస్తే కొండ మిగులుతుంది. లేదంటే క్వారీ వాళ్లు రేపే తూటాలు పెట్టి కొండను పేలుస్తారు.

క్వారీ మేనేజర్ రాసాంగం తీరిగ్గా పళ్లు కుట్టుకుంటున్నాడు.

“ఏడింటికి ఎక్కడున్నావ్?”

“టీ కొట్లో. నలుగురు చూశారు.”

“ఈయన పోతే లాభం నీకే కదయ్యా.”

“లాభానికి చంపినవాణ్ణైతే ఆ కాగితం సంచిలో ఉంచుతానా మేడమ్? నేనంత వెర్రివాణ్ణా?”

ఒళ్లు మండినా, మాట నిజమేననిపించింది ఆమెకు.

నల్లతంబి సహాయకుడు ఇళంకో బండ మీద కూలబడి ఏడుస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆయన వెంట కొండలెక్కినవాడు.

“నువ్వెప్పుడొచ్చావ్?”

“తొమ్మిదింటి బస్సుకి. అయ్యా ఐదున్నరకే వచ్చారు.”

“నకలు ఎలా తీస్తారు?”

“తడి కాగితం రాతికి అంటించి బ్రష్‌తో కొట్టాలి. అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. సగం ఆరాక సిరా అద్దాలి. పూర్తిగా ఆరితే ఊడొస్తుంది, పనికిరాదు.”

“సిరా చేతులకంటుతుందా?”

“గోళ్లలోకి దిగిపోతుంది. రెండు రోజులైనా...”

చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఆయన గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. కాగితం అంటించారు, సిరా ముట్టలేదు. నీ చేతులు చూపించు.”

పది వేళ్లూ నలుపు.

“నిన్నటిది మేడమ్.”

“నిన్న ఏ కొండెక్కావు?”

ఇళంకో వేళ్లను చొక్కాకు రుద్దుకోసాగాడు.

“క్వారీ వాడైతే కాగితం చింపేస్తాడు. దొంగైతే వదిలేసి పారిపోతాడు. మనిషిని తోసేశాక కూడా, అయ్యో ఆరిపోతోందే అని కూర్చుని సిరా అద్దేవాడు ఇంకెవడుంటాడు?”

రాసాంగం నవ్వాడు. “అయితే అది హంతకుడి కాగితం. ఆఫీసులో ఎవరు తీసుకుంటారు? మూలన సంతకం కూడా లేదు!”

నిజమే. నకలు తీసినవాళ్ల పేరూ సంతకమూ లేనిదే విచారణలో చెల్లదు. పూంగోదై టైం చూసింది. 10.15.

కాగితం విప్పి బండ మీద పరిచింది. పెన్ను దాని మీద పెట్టింది.

“నేను చూసినదే రుజువుగా రాసుకుంటే నువ్వు కోర్టులో వాదించుకోవచ్చు, ఇళంకో. సంతకం పెడితే ఇది నువ్వే తీశావని ఒప్పుకున్నట్టే, వాదించడానికేం మిగలదు. కానీ కొండ మిగులుతుంది. నీ ఇష్టం.”

అతను సిరా నలుపులో తెల్లగా మిగిలిన అక్షరాల మీదుగా వేలు పోనిచ్చాడు.

“ఇవి మొదట కనిపెట్టింది నేనే మేడమ్. ఎవడో ఉప్పు వర్తకుడు సన్యాసులకు పడక చెక్కించి పేరు రాయించుకున్నాడు. రిపోర్టులో నా పేరూ పెట్టండయ్యా అన్నాను. కూలోడి పేరు ఎవడు రాస్తాడ్రా అన్నారు. ఒక్క తోపు తోశాను. పైనుంచి పిలిచాను. పలకలేదు. కాగితం ఆరిపోతోందని సిరా అద్ది, దిగొచ్చి అయ్యా సంచిలోనే పెట్టాను.”

పెన్ను తీసుకుని మూలన ఊరు రాశాడు, తేదీ రాశాడు. తన పేరు నిండుగా రాసి సంతకం పెట్టాడు. పూంగోదై ఆ చేతులకే బేడీలు వేసింది.

కానిస్టేబుల్ కాగితం అందుకుని జీపు వైపు పరిగెత్తాడు.

“మడత పెట్టకండి సార్!” వెనకనుంచి ఇళంకో అరిచాడు. “చుట్టి పట్టుకోండి, మడిస్తే అక్షరాలు చెదిరిపోతాయి!”