లీలమ్మ ఇంట్ల సన్న ఏడుపు

ఉప్పుగూడ టేషన్ ఎనక గల్లీల, లీలమ్మ సచ్చిన ఇల్లు అంటె దీపాలు పెట్టినంక అటు దిక్కు ఎవ్వరు పోకపోయేది. రిక్షావోళ్లు గూడ, "నక్కో భాయ్, ఇదరీచ్ ఉతరో" అని గల్లీ మొగలనే దింపేటోళ్లు. ఎనభై మూడో, ఎనభై నాలుగో... నేను ఇన్నదే చెప్తున్న.

లీలమ్మ అంటె అదే గల్లీల ఉండే శివయ్యకు చెల్లె. ఆ ఇంట్లనే జరమొచ్చి పోయింది పాపం. అత్తగారోళ్లు తాళమేసి ఎల్లిపోయిండ్రు. రెండేండ్లు ఏం లొల్లి లేదు. గా వానకాలం సంది మాత్రం, పొద్దుగూకంగనే లోపలికెల్లి ఏడుపు. సన్నగ... సాగదీసి... జర ఆగి, మల్ల.

శివయ్య తల్లి సుందరమ్మ ఆ ఏడుపు ఇన్నకాడికెల్లి ముద్ద ముడ్తలేదు. "బిడ్డ అన్నం లేక ఏడుస్తుంటె నాకెట్ల దిగుతదిర?" అంటది. పది దినాలల్ల మనిషి పుల్ల లెక్కయింది. గిట్లనే ఉంటె అమ్మ గూడ దక్కదని శివయ్యకు సమజైంది.

ఆ రాత్రి ఒక్కడే పోయిండు. గోడ దుంకిండు. ఏడుపు దగ్గరయితుంది... ఎనక అర్ర తలుపు సందుల దీపం ఎలుగు—

"లీలా..." అన్నడు.

ఏడుపు టక్కున ఆగింది. తలుపు తెరుసుకున్నది.

"ఎవరండీ?"

కళ్లద్దాల మనిషి! సుందరరామయ్య అట, కోస్తా నుంచి ఆఫీసుల పనికొచ్చిన సారు. లీలమ్మ అత్తగారోళ్ల కాడ ఆ అర్ర కిరాయికి తీస్కున్నడు, అవుతల గల్లీకెల్లి వొచ్చిపోతడు. నడవలేని భార్యకు బ్యాటరీ మీద తిరిగే కుర్చీ చేస్తున్నడు, ఆఫీసు అయినంక రోజూ.

"మోటారు నెమ్మదిగా తిరగాలంటే కరెంటుని సెకనుకి వెయ్యి సార్లు ఆపి ఆపి ఇవ్వాలండీ. దాంతోనే అది కూస్తోంది."

"సారూ, నీ కూతకు మా అమ్మ సస్తుంది."

"అయ్యయ్యో!"

సారు మోటరు మల్ల నడిపి, డబ్బా మీది నాబు తిప్పిండు, రేడియో లెక్క. ఏడుపు సన్నబడింది... ఇంక సన్నబడింది... మాయమైంది. మోటరు మాత్రం తిరుగుతనే ఉంది!

"ఇప్పుడు పద్దెనిమిది వేల సార్లండీ. మన చెవులకి అందదు."

శివయ్య ఉరికొచ్చిండు. "అమ్మా, ఇప్పుడు ఇనొస్తుందా?"

సుందరమ్మ చానసేపు చెవి పెట్టింది. "లేదుర... పండుకున్నట్టుంది." కంచం ముంగటికి లాక్కున్నది. ఒక్క ముద్ద మింగింది. శివయ్యకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

మూలకు పండుకున్న శివయ్య బిడ్డ సక్కు, ఐదేండ్ల పోరి, లేసి కూసుంది. "బాపూ... అత్త ఇంక ఏడుస్తుంది."

శివయ్య నవ్విండు. పిల్లల చెవులు పదును, పెద్దోళ్లకందని కూత గూడ ఇంటరు. మోటరు నడుస్తుంది గద, ఫికర్ ఏంది?

అంతల్నే వాకిట్ల సారు. ఆయాసపడుతున్నడు. "మీ ఇల్లు అడుక్కుంటూ వచ్చానండీ. అమ్మగారికి ఇక భయం లేదని చెప్పండి. మీరు గోడ దాటారో లేదో, అంత వేగం తట్టుకోలేక, కరెంటుని ఆపి ఆపి ఇచ్చే ట్రాన్సిస్టర్ వేడెక్కి కాలిపోయింది. మోటారు అప్పుడే ఆగిపోయింది."

శివయ్య నవ్వు గట్లనే ఆగింది.

"గట్టిగ ఏడుస్తుంది, బాపూ..." సక్కు రెండు చెవులు మూస్కున్నది.

సుందరమ్మ రెండో ముద్ద, నోటిదాంక పోయి ఆగింది.