సంఘం గ్రూపులో పడ్డ ఈసిమ్

"ఈ కోడ్ ఇప్పటికే వాడేశారు" అని ఫోన్ మూడోసారి చూపించేసరికి డయానాకి ఒళ్ళు మండింది.

తెల్లారితే గన్నవరంలో విమానం ఎక్కాలి. కౌలాలంపూర్‌లో సంగీతం టీచర్లకి వారం రోజుల ట్రైనింగ్. దిగగానే ఫోన్లో నెట్ ఉండాలని, సిమ్ కార్డుతో పని లేకుండా కోడ్ స్కాన్ చేస్తే ఫోన్లోకి ఎక్కే ఈసిమ్‌లన్నీ పోల్చి పోల్చి చూసి, చివరికి ఒక ప్లాన్ కొన్నది. క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వచ్చింది. తన ఫోన్లో ఉన్న కోడ్‌ని అదే ఫోన్‌తో స్కాన్ చేయడం ఎలాగో తెలియక, దాన్ని అమ్మ ఫోన్‌కి పంపింది. ఇంతలో ప్రయాణ ప్రార్థనకి సంఘం వాళ్ళు వచ్చేశారు. పాటలు, వాక్యం, సంఘ పెద్ద ఆమోసు గారి పొడుగాటి ప్రార్థన అయ్యి, అందరూ టీలు తాగుతుంటే గానీ మళ్ళీ ఫోన్ పట్టుకోవడానికి కుదరలేదు.

"అమ్మా, నేను పంపిన ఫోటో ఎవరికైనా పంపావా?"

"ఎవరికీ పంపలేదే! మన సంఘం గ్రూపులో పెట్టానంతే," అంది రూతు. "నీ టికెట్ అనుకున్నాను. అమ్మాయి ప్రయాణం, ప్రార్థించండి అని కింద రాశాను కూడా."

డయానా తల పట్టుకుంది. గ్రూపు నిండా ఆమెన్‌లే. వీళ్ళలో స్కాన్ చేసిన మహానుభావుడెవరో!

గుమ్మం పక్కన నిలబడ్డ జయపాల్ గొంతు సవరించుకున్నాడు. "అది... నేనేనండీ."

జయపాల్‌కి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఉంది. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. డయానా పాడుతుంటే పక్కనే కూర్చుని వాయించడమే గానీ, ఏనాడూ నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. అలాంటిది మొన్న వాళ్ళమ్మ ఆదెమ్మ వచ్చి, మా వాడికి మీ అమ్మాయిని ఇవ్వమని అడిగి వెళ్ళింది. ఆవిడ అడిగింది సరే, అతని మనసులో ఏముందో? తల్లి మాట కాదనలేక తలూపిన మనిషితో జీవితాంతం ఎలా ఉండటం? తిరిగొచ్చాక చెప్తానంది డయానా. ఆ చెప్పేది "వద్దు" అనే అవుతుందని ఆమెకి అనిపిస్తోంది. అలా అనిపించినప్పుడల్లా బాధగానూ ఉంటోంది.

"మీరా? ఎందుకు స్కాన్ చేశారండీ?"

"మన గ్రూపులో క్యూఆర్ అంటే కానుకే కదండీ. మీ ప్రయాణానికి అందరూ ఏదో ఇస్తున్నారనుకున్నాను."

"కొత్త ప్లాన్ యాడ్ చేయమంటారా అని అడిగి ఉంటుందే?"

"అడిగింది. ఓకే నొక్కాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. డయానా తన నవ్వు బలవంతంగా ఆపుకుంది.

"నేను కొన్నది ఒక ఫోన్లోకి ఎక్కితే ఇంకో ఫోన్లోకి మారదట. నా మలేషియా నెట్ వెళ్ళి మీ ఆటోనగర్‌లో కూర్చుంది."

జయపాల్ క్షణం కూడా ఆలోచించలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఇది పట్టుకెళ్ళండి. అక్కడ దిగాక దీంట్లో హాట్‌స్పాట్ పెట్టుకుంటే మీ ఫోన్లో అన్నీ వస్తాయి. లాక్ నాలుగు సున్నాలేనండీ. అత్తయ్య గారూ, ఒక పిన్నీసు ఇస్తారా? నా సిమ్ తీసి బటన్ ఫోన్లో వేసుకుంటాను."

"మరి మీ షాపు ఆర్డర్లు, బ్యాంకు, ఫోటోలు?"

"అన్నీ అందులోనే ఉన్నాయి. పర్లేదండీ."

డయానాకి ఆశ్చర్యం వేసింది. సొంత తమ్ముడే తన ఫోన్ ముట్టుకోనివ్వడు. ఈయనేమో నలుగురిలో లాక్ నంబరు చెప్పి మరీ ఇచ్చేస్తున్నాడు.

"జయపాల్ గారూ, ఇంకో ఈసిమ్ కొంటే సరిపోతుంది. ఐదు నిమిషాల పని."

"అవును కదా," అన్నాడతను. చెవులు ఎర్రబడ్డాయి. "నాకు తట్టనే లేదండీ."

అతన్ని వరండాలోకి రమ్మంది. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. మళ్ళీ అదే ప్లాన్ కొని, ఈసారి కోడ్ అతని ఫోన్‌కే పంపింది. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తన ఫోన్ ఎదురుగా పెట్టింది.

"కదలకండి."

"కదలనండీ."

"ఒక మాట అడుగుతాను. మీ అమ్మగారు వచ్చి అడిగారు. మీరెందుకు అడగలేదు?"

అతను ఫోన్ కిందికి దించేశాడు. ఆమె తెర మీద కోడ్ చెదిరిపోయింది.

"అమ్మని పంపింది నేనేనండీ. అమ్మ అడిగితే, వద్దన్నా అమ్మతోనే అంటారు. నాతో వద్దన్నారనుకోండి, ఇక మీ పక్కన కూర్చుని వాయించలేను. ఆ ఆదివారాలు పోతాయని భయమేసింది."

డయానా ఇన్నాళ్ళూ తనంటే ఇష్టం లేకనే అతను మాట్లాడడం లేదనుకుంది. ఇంత ఇష్టం పెట్టుకుని నోరు మెదపని మనిషి మీద కోపమూ వచ్చింది, దాన్ని మించి ప్రేమా వచ్చింది.

"ఇప్పుడు అడగండి," అంది.

"నన్ను చేసుకుంటారాండీ?"

"చేసుకుంటాను. తిరిగొచ్చాక చెప్తానన్నాను గానీ, అప్పటిదాకా నేనే ఆగలేను."

కిటికీ అవతల టీ కప్పుల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు. "ప్రభువుకే స్తోత్రం!" అని లోపల్నుంచి ఆదెమ్మ గట్టిగా అరిచింది. వెళ్దామని అప్పుడే చెప్పుల్లో కాళ్ళు పెట్టిన ఆమోసు గారు వాటిని మళ్ళీ విప్పేశారు.

"రండమ్మా, రండి. ఎవరూ వెళ్ళకండి, అందరూ కూర్చోండి," అన్నారాయన. "ఇంకో ప్రార్థన ఉంది."