ఐస్ గదిలో ఉప్పు

ఓడలరేవులోని ఆ చిన్న ఐస్ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం వేట పడవలు వచ్చేదాకా పెద్దగా పనుండదు. అక్కడ మిషన్ చూసుకునే హరిబాబు కబుర్లకు అదే సమయం. ఆయన కుర్రతనంలో చలిదేశాల ఓడల్లో పనిచేసిన మనిషి. ఆ సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

"బోరు నీళ్ళు ఉప్పెక్కిపోయాయండి బాబాయ్ గారూ. ఐస్ మెత్తగా వస్తుంది," అంది దిమ్మలు సర్దే ప్రశాంతి.

"మెత్తగా రాక ఏమవుద్దమ్మా? సముద్రం గడ్డకట్టడం నేను చూసేను కదా. ముందు సూదుల్లాంటి పలుకులు తేలతాయి. అవి అతుక్కుని పెచ్చులవుతాయి. గట్టిపడేకొద్దీ మంచు ఉప్పుని తనలో ఉండనివ్వదు, నెట్టేస్తుంది. ఆ ఉప్పునీరు బరువెక్కి అడుగుకి దిగిపోద్ది. అదలా దిగబట్టే సముద్రాల లోతుల్లో నీళ్ళు కదులుతున్నాయి. లేకపోతే కింద అంతా నిలవ నీరే."

"ఆయ్. మనం కూడా ఉప్పు తినేవాళ్ళమే కదండీ, మనల్నీ నెట్టేస్తుందేమో," అని నవ్వి ప్రశాంతి దిమ్మలు సర్దడానికి ఐస్ గదిలోకి వెళ్ళింది. త్వరగా ముగించుకుని అంగన్‌వాడీ నుంచి కూతురు జ్యోతిని తెచ్చుకోవాలి.

బరువైన తలుపు ఆమె వెనకాల దానంతటదే మూసుకుంది. కరెంటు పోయింది.

చీకట్లో గడియ తడిమింది. అది బిగుసుకుపోయింది. అమ్మోనియా ఘాటు ముక్కుకి తగిలింది, దాని వెనకే నాచు వాసన. గొంతు చించుకుని అరిచింది. ఆ మందపాటి తలుపు ఒక్క అరుపునీ బయటికి పోనివ్వలేదు. ఆమెకు ప్రాణం పోయేంత భయం వేసింది. అక్కడ జ్యోతి ఒక్కతే గుమ్మంలో కూర్చుని ఉంటుంది.

అప్పుడు వినిపించింది.

టిక్... టిక్...

నేలమీద ఒలికిన ఉప్పునీరు గడ్డకడుతోంది. కాళ్ళ కింద సూదుల్లాంటి పలుకులు. తర్వాత పెచ్చులు. వెనక్కి జరిగితే వీపుకి గోడ తగిలింది. ఇందాక గోడ అంత దగ్గర లేదు.

నాలుగువైపుల నుంచీ మంచు మధ్యకి వస్తోంది...

భుజాలు నొక్కింది. ఛాతీ నొక్కింది. ఒంట్లోంచి ఏదో విడివడి, బరువుగా, పాదాల్లోంచి కిందికి దిగిపోయింది. ఆ తర్వాత చలి లేదు.

తలుపు తెరుచుకుంది.

"గడియ పట్టేసిందమ్మా. నేను చూసుకోలేదు..." అన్నాడు హరిబాబు. ఆమెను బయటికి లాగి, తలుపు మూసి, ఎండలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

జ్యోతి గుర్తొచ్చి ప్రశాంతికి ఏడుపొచ్చింది. కన్నీళ్ళు పెదాల మీదికి జారాయి. నాలుకకి తగిలాయి. మళ్ళీ రుచి చూసింది. ఉప్పగా లేవు. బిందెలో నీళ్ళలా చప్పగా ఉన్నాయి.

ఐస్ గది తలుపు చప్పుడైంది. లోపల్నుంచి... కింద, నేలకి దగ్గరగా.

"బాబాయ్ గారూ..."

ఆ గొంతు ప్రశాంతిదే.

"తలుపు తియ్యండి. దాన్ని నా జ్యోతి దగ్గరికి పోనివ్వకండి."

హరిబాబు పక్కనున్న ప్రశాంతి వైపు చూశాడు. ఆమె భుజం మీది చెయ్యి మెల్లగా తీశాడు. అరచేతి నిండా నీళ్ళు.